కంప్యూటరు కొనకముందు కూర్చుండి లెక్క చూచుట

ధ్యానభాగము: లూకా 14:28-30



గోపురము కట్టదలచిన మనుష్యునిగూర్చి మన ప్రభువు చెప్పిన సంగతి మీరెరిగినదే. వాడు పునాది వేసెను గాని పైకి కట్టలేకపోయెను. దారిన పోవువారు చూచి నవ్విరి. వాడు దుష్టుడని గాని సోమరియని గాని ప్రభువు చెప్పలేదు. మొదట కూర్చుండి లెక్క చూచుకొనకపోవుటయే వాని లోపము. మన సొసైటీలు, బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు కంప్యూటరు పనులను తలపెట్టుచున్న ఈ దినములలో ఆ మాట మన కొరకే చెప్పబడినట్లున్నది. ఇది ప్రసంగపీఠము మీద చెప్పదగిన సంగతియా అని కొందరడుగుదురు. విధవరాలు వేసిన కానుకతో కొన్న వస్తువు మూలను పడియున్నప్పుడు అది చెప్పదగినదే.

మేమెరిగిన ఒక హాస్టలులో దాతలు పంపిన సొమ్ముతో ఆరు కంప్యూటర్లు కొనిరి. రిబ్బను కత్తిరించిరి, ఫోటో తీయించి దాతలకు పంపిరి. మూడవ యేట యూపీఎస్ బ్యాటరీలు పాడైనవి. కొనుటకు సొమ్ము వచ్చెను గాని బాగుచేయుటకు రాలేదు. పాస్‌వర్డు ఎరిగిన ఒక్క యువకుడు హైదరాబాదులో ఉద్యోగము దొరికి వెళ్లిపోయెను. పిల్లల వివరములన్నియు ఆ పెట్టెలలోనే యుండెను. ఒక రాత్రి ఒక పిల్లకు తీవ్రమైన జ్వరము రాగా, ఈమెకు ఇదివరకు ఏ మందు పడలేదని డాక్టరుగారు అడిగిరి. చెప్పగలవారు లేకపోయిరి. దేవుని కృపవలన పిల్ల బ్రదికినది. నవ్వులపాలగుట కంటె ఇది పెద్ద సంగతి కాదా?

కాబట్టి లెక్క చూతము. 40,000 రూపాయలకు ఒక కంప్యూటరు కొని, అది ఐదేండ్లు పనిచేయుననుకొందము. ఐదేండ్ల తరువాత మరల కొనవలెను గనుక నెలకు సుమారు 670 రూపాయలు ప్రక్కన పెట్టవలెను. ఇంటర్నెట్టు, ప్రింటరు సిరా, బ్యాటరీ, మరమ్మతు కలిపి నెలకు 1,000 అనుకొన్నను మొత్తము 1,670 అగును. అరువది కుటుంబముల సంఘము కుటుంబమునకు 28 రూపాయల చొప్పున ఇచ్చినయెడల అది తీరును. ఈ 28 రూపాయలు ఎక్కడనుండి వచ్చునో తెలియకముందు 40,000 కొరకు ఎవరికిని ఉత్తరము వ్రాయవద్దని మా మనవి.

యోవాషు దినములలో మందిరపు మరమ్మతు ఎట్లు జరిగెనో రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములో చదువుడి. అతని యేలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు సొమ్ము వచ్చుచునేయున్నది, బీటలు మాత్రము అట్లే యున్నవి. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర పెట్టెను. సొమ్మును ఒక్కడు లెక్కించలేదు; రాజుగారి లేఖకుడును ప్రధాన యాజకుడును కలిసి లెక్కించిరి. వెండి పాత్రలు, బూరలు చేయించుటకు దానిని వాడలేదు. వడ్లవారికిని కాసెపనివారికిని ఇచ్చిరి. మన కమిటీలకు వెండి బూరల మీద ఆశ ఎక్కువ, మరమ్మతు పద్దు మీద తక్కువ. (కోశాధికారులు మమ్మును క్షమింతురు గాక.)

దాతను అడుగు విధమును నెహెమ్యా నేర్పుచున్నాడు. ఎంతకాలము పట్టునని రాజు అడుగగా అతడు కాలమును నిర్ణయించి చెప్పెను. ఏ గుమ్మములకు మ్రాను కావలెనో చెప్పి ఉత్తరము అడిగెను. యెరూషలేము చేరిన తరువాత రాత్రివేళ కొద్దిమందితో ప్రాకారములను స్వయముగా చూచినగాని పని సంగతి ఎవరికిని చెప్పలేదు. మనము "కంప్యూటర్లు కావలెను" అని అడుగుచున్నాము. ఏ పనికి, ఎవరి చేత, ఎన్ని దినములలో అనునది చెప్పుట లేదు. పైగా విదేశీ విరాళముల చట్టమును 2020లో సవరించిరి. ఆ సొమ్ములో కార్యనిర్వహణ వ్యయము 50 శాతము వరకు ఉండవచ్చునన్న నియమము 20 శాతమునకు తగ్గినది. ఒక సంస్థ తనకు వచ్చిన దానిని మరియొక సంస్థకు పంచుటయు కూడదు. పెద్ద ఆఫీసువారు మన పల్లె సొసైటీకి కొంత పంపుదురను పాత ఆశను విడువవలసినదే.

సొమ్ము తక్కువైనవారు పని చేయలేరని మేము చెప్పుట లేదు. న్యూజిలాండు దేశములో హోరోఫెనువా అను ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టు యొక్క పాత కంప్యూటరు ఏర్పాటు 2000వ సంవత్సరపు తేదీలను గ్రహింపజాలనిది. వారు 1999లో తమకేమి కావలెనో నిర్ణయించుకొని, పనివారి చేత క్రొత్త ప్రోగ్రాము వ్రాయించుకొనిరి. 2000 జనవరిలో అది పనిలోనికి వచ్చెను. తరువాత దానిని తమయొద్దనే దాచుకొనక, ఎవరైనను ఉచితముగా వాడుకొని దిద్దుకొనునట్లు లోకమునకు ఇచ్చివేసిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థము. ఇప్పుడు మన దేశపు గ్రంథాలయములు అనేకములు దానిని వాడుచున్నవి. దానిని దిద్దు భారము ఆ చిన్న ట్రస్టు మీదనే నిలువక అనేకులమీద పంచబడినది.

పట్టణపు ఆఫీసులవారు పాత యంత్రములను దానము చేయుదుమన్నప్పుడు సంతోషించుడి, అయితే విచారించుడి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించిరి. అట్టి యంత్రములలో కొన్నిటికి క్రొత్త విండోస్ పట్టదు. లినక్స్, లిబ్రే ఆఫీస్ వెల లేకుండ దొరకును, తెలుగులో వ్రాయుటకును పనికివచ్చును. వాటిని ఎక్కించి నేర్పుటకు మాత్రము ఒక మనిషి కావలెను. ఆ మనిషి భోజనము, బస్సు చార్జీ కూడ లెక్కలో వ్రాయుడి.

నేర్చుకొనువారు ఇద్దరుండవలెను, ఒక్కరు చాలరు. సంఘములో పదవ తరగతి చదివి ఇంటనున్న ఆడపిల్లలు ఉన్నారు, వారిని పిలువుడి. పాస్‌వర్డును కాగితము మీద వ్రాసి, కవరు అంటించి, బాప్తిస్మపు రిజిస్టరున్న బీరువాలో పెట్టుడి. పాత చేతివ్రాత పుస్తకమును మొదటి సంవత్సరమంతయు మూయక, రెంటిలోను వ్రాయుచుండుడి. నెలకొకసారి పెద్దలిద్దరు కూర్చుండి రెంటిని సరిచూడవలెను.