మనోవ్యాధి – శరణుని ధర్మము

కాయము రోగగ్రస్తమైనపుడు వైద్యుని కొరకు పరుగెత్తు గృహస్థుడు, మనస్సు రోగగ్రస్తమైనపుడు తలుపులు మూసికొనుచున్నాడు. కుమారునికి జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగు వారికి చెప్పును. అదే కుమారుడు రాత్రులు నిద్రలేక తనలో తాను మాటలాడుకొనుచున్నచో కన్నతల్లికి సైతము చెప్పడు. చీకటిలో మంత్రగాని ఇల్లు వెదకును గాని పట్టపగలు ఆసుపత్రి మెట్లెక్కుటకు సిగ్గుపడును. ఈ సిగ్గునకు ధర్మసమ్మతి కలదా యనునది లింగధారులెల్లరు ఆలోచింపవలసిన ప్రశ్న.

కొందరు ఇట్లు వాదింతురు: ఇష్టలింగము వెంటనుండగా మనస్సు చెదరుట ఎట్లు? అది భక్తిలోపము కాదా? ఈ వాదమునకు సమాధానము శ్రీకాళహస్తి క్షేత్రమందే కలదు. శివలింగమున కన్ను రక్తమోడుట చూచిన కన్నప్ప తక్షణమే తన కన్ను పెకలింపలేదు. 12వ శతాబ్దమున శేక్కిళార్ రచించిన పెరియపురాణము ప్రకారము, ఆతడు ముందుగా అడవిలో మూలికలు వెదకి తెచ్చి, వాని రసమును ఆ కంట పిండెను. అది ఫలింపనపుడే కన్నిచ్చెను. దేవుని కంటికే మందు వెదకినవాడు భక్తాగ్రేసరుడైనపుడు, సాటి మానవుని మనస్సునకు మందు వెదకుట భక్తిలోపమెట్లగును?

అయితే దుఃఖమంతయు వ్యాధి కాదు. వానలు లేక వేరుసెనగ ఎండిన రైతు కుములుట, పరీక్షకు ముందు విద్యార్థి గుండె దడదడలాడుట సహజములు. ఒత్తిడి కలిగినపుడు దేహమందు అడ్రినలిన్, కార్టిసాల్ అను స్రావములు వెలువడి, ఆపదను ఎదుర్కొనుటకు దేహమును సిద్ధపరచును. ఆపద తొలగిన పిమ్మట అవి తగ్గును. ఒత్తిడి నెలల తరబడి నిలిచినచో నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి దెబ్బతినును. రెండు వారములు గడచినను దినమంతయు దిగులు వీడకుండుట, ప్రియమైన పనులపైనను ఆసక్తి నశించుట, బ్రతుకు వ్యర్థమను తలపు కలుగుట కుంగుబాటు వ్యాధి లక్షణములు. లేని మాటలు చెవిని పడుట, అందరును తనకు కీడు తలపెట్టుచున్నారని దృఢముగా నమ్ముట వేరొక తీవ్రవ్యాధికి సూచనలు కావచ్చును. వంశగుణము, మెదడు పనిచేయు తీరు, బాల్యమున తగిలిన గాయములు, దారిద్ర్యము, మద్యపానము మున్నగు అనేక కారణములు కలిసి ఈ వ్యాధులకు దారితీయును. వీనినన్నింటిని విడిచి పూర్వజన్మ పాపమని ఒక్కమాటతో తేల్చుట న్యాయము కాదు. కుంగుబాటునకిచ్చు మందులు గుణము చూపుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు దినములు మ్రింగి ఫలము లేదని మానుట తగదు.

‘పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు’ అను సామెతను విని నవ్వుకొందురు. కాని ఆ నవ్వు వెనుక ఎందరి కన్నీరో కలదు. సంబంధము చెడునను భయముతో వ్యాధిని దాచి వివాహము జరిపినచో, ఆ అసత్యభారము మోయవలసినది ఏమియు తెలియని వధువో వరుడో. పెండ్లి ఔషధము కాదు. కొత్త ఇంట దాపరికముకై మందు మానినచో వ్యాధి తిరుగబెట్టును. సత్యమును విడిచి సదాచారము లేదు.

దాచుటకంటె ఘోరమైనది బంధించుట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టబడిన మనోరోగులు 28 మంది, పాకకు నిప్పంటుకొనగా తప్పించుకొనలేక మరణించిరి. స్వస్థత కలుగునను ఆశతో కుటుంబములవారే అనేకులను అచట విడిచియుండిరి. మనోరోగులను ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించినది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడికి లోనైన వ్యక్తిగా భావింపవలెననియు, ప్రభుత్వము ఆ వ్యక్తికి సంరక్షణ కల్పింపవలెననియు అదే చట్టము చెప్పుచున్నది. చట్టమే ఇంత దయ చూపగా, దయను ధర్మమునకు మూలముగా బోధించిన బసవేశ్వరుని అనుయాయులు అంతకంటె తక్కువ చూపుట తగునా?

కాయకము చెదరిన మనస్సునకొక ఆధారము. దాసోహము ఒంటరితనమును పోగొట్టును. లింగపూజ చిత్తమునకు శాంతినొసగును. ఇవి ఔషధమునకు తోడు నిలుచునే గాని ఔషధమునకు బదులు కావు. కల్యాణపురమందలి అనుభవమంటపమున నానావృత్తులవారు కూర్చుండి తమ అనుభవమును నిర్భయముగా చెప్పుకొనిరి. మన మఠములును అట్టి చోటులు కావలెను. విభూతి కొరకు, తాయెత్తు కొరకు వచ్చిన తల్లిదండ్రుల గోడును స్వాములవారు ఓర్పుతో విని, ఆశీర్వదించి, ‘వైద్యునికి కూడ చూపుడు’ అని ఒక్కమాట చెప్పినచో, ఆ మాటను ఏ ఇంటివారును త్రోసిపుచ్చరు. తిరుపతి రుయా ఆసుపత్రియందు మానసిక వైద్యవిభాగము కలదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగా సలహా లభించును.

ప్రతిదినము కరస్థలమందు లింగమును నిలిపి ఏకాగ్రతతో చూచు కన్ను, అదే ఇంట మూలగదిలో మౌనముగా కూర్చున్న బిడ్డను కూడ చూడవలెను. అట్టి చూపును పరశివుడు మనకు ప్రసాదించుగాక!