పరుల బాధకు కర్మమని పేరు పెట్టవచ్చునా?

బొబ్బిలి ప్రాంతపు ఇండ్లలో దీర్ఘరోగి మంచము ప్రక్కన తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "అనుభవింపవలసినది అనుభవించుచున్నాడు." ఈ మాట పలుకువారు దయలేనివారు కారు. చేతిలో ఉపాయము లేదనుకొన్నపుడు మనుష్యుడు సిద్ధాంతము నాశ్రయించును. కాని విచారింపవలసినది మాట కాదు, మాటాడువాడు. రోగి తన బాధను కర్మఫలముగా నెంచి ఓర్చుకొన్నచో అది యతని నిష్ఠ. ప్రక్కవాడదే మాట యన్నచో అది చేయదగిన పనినుండి తప్పుకొనుట. వాక్య మొక్కటే, నోరు మారగానే దాని ధర్మము మారుచున్నది.

ఉత్తరాంధ్రమున చుట్ట నిప్పును నోటిలోపల నుంచి కాల్చు అడ్డపొగ యలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా నున్నది. అంగిటిలో పుట్టిన పుండు గంజి దిగనీయని దశకు వచ్చువఱకు వైద్యుని చూడనివారు పెక్కుమంది. అపుడు నూరు కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్టణమునకు తీసికొనిపోయినను రోగము కుదురుట దుర్లభము. "ఇంటికి తీసికొనిపొండు" అన్న మాటను కుటుంబము "ఇక చేయునదేమియు లేదు" అని గ్రహించును. అది పొరపాటు. కుదుర్చు వైద్యము ముగిసినను ఉపశమన వైద్యము ముగియదు. నొప్పి తగ్గించుట, పుండు దుర్వాసన నణచుట, వాంతి నాపుట, ఇంటివారికి ధైర్యము చెప్పుట - ఇదియంతయు వైద్యమే. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను ఇందుకొఱకే నెలకొల్పెను. హైదరాబాదు ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగము కలదు.

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి ముఖ్యౌషధము మార్ఫిన్. నోటితో పుచ్చుకొనదగినది, చౌకయైనది. నల్లమందునుండి వచ్చినదని పెద్దలు జంకుదురు. వైద్యుడు నొప్పిని కొలిచి, సాధారణముగా 4 గంటలకొక మాత్ర చొప్పున నిచ్చినపుడు వ్యసనముగా మారుట అరుదు. మలబద్ధము మాత్రము తప్పదు. దానికి తోడుమందు ఈయవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన ఈ మందు ఆసుపత్రులకే దుర్లభమయ్యెను. 2014లో చట్టమును సవరించి అనుమతులను సులభము చేసిరి. చట్టము సడలినను ఇంటివారి జంకు సడలలేదు.

నొప్పిని ఓర్చుటయే భక్తియనువారు ఒక్క సంగతి చూడవలెను. ఇష్టలింగమును ధరించు అరచేయి బాధతో వణకుచుండగా పూజ యెట్లు నిలుచును? నొప్పి రోగికి వైరాగ్యము నీయదు. నొప్పిని తప్ప మఱియొకటి తలపనీయదు. అది తగ్గిన గంటలోనే అతడు మనుమనిని పిలుచును, అప్పుసప్పుల మాట చెప్పును, శివనామము తలచును.

ఇక రోగి ప్రక్కన మేల్కొనియుండు కోడలినో భార్యనో ఎవరును లెక్కింపరు. కేరళలో 1993లో కోజికోడున చిన్న క్లినిక్‌గా ఆరంభమైన ఉపశమన సేవ, తరువాత ఇరుగుపొరుగు వారే శిక్షణ పొంది ఇంటింటికి పోవు ఏర్పాటుగా పెరిగినది. మన మఠములలో దాసోహమునకు వంటయున్నది, వచ్చినవారికి వడ్డించు చేతులున్నవి. రాలేనివాని గుమ్మమునకు పోవుట యొక్కటే క్రొత్త. వాడకు ఇద్దరు స్త్రీలు నోరు శుభ్రపఱచుట, ప్రక్క మార్చుట నర్సు వద్ద నేర్చుకొని మధ్యాహ్నము రెండు గంటలు మంచము ప్రక్కన కూర్చున్నచో, ఆ కోడలు అంతసేపు నిద్రింపగలదు.