ఇంటి బండి

గృహస్థుడు తన జీవితంలో చేసే పెద్ద కొనుగోళ్ళు రెండో మూడో ఉంటాయి. ఇల్లు ఒకటి, పిల్ల పెండ్లికి బంగారం ఒకటి. ఈ కాలంలో వాటి సరసన కారు కూడ చేరినది. ఇంటికి వాస్తు చూస్తాడు, బంగారానికి గీటురాయి చూస్తాడు. కారుకు చూడవలసినదేమి అని అడిగితే ధర ఎంత, లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు, మరల అమ్మితే ఎంత వస్తుంది అన్న మూడు లెక్కలు చెప్పి ఊరుకొంటాడు. ఈ లెక్కలు అవసరమైనవే. కాని ఈ మూడూ డబ్బును గురించిన లెక్కలు. "ఇది ఇంటిల్లిపాదికీ" అని అతడే అంటాడు. ఆ మాటకు ఈ మూడింటిలోనూ చోటు లేదు. ఇంటిల్లిపాది అన్నప్పుడు అతని మనస్సులో మెదిలినవారు ఎవరు? ఎవరి క్షేమానికి ఎంత విలువ కట్టినాడు? ఇక్కడికి వచ్చేసరికి బేరం ముగిసి ధర్మవిచారం మొదలవుతుంది.

ఈ విచారానికి రాయపూరు నగరం తగిన చోటు. 1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్తు వృత్తిరీత్యా ఈ ఊరికి వచ్చి, అనంతరం భార్యాబిడ్డలను రప్పించుకొన్నాడు. అప్పటికి ఇక్కడికి రైలు లేదు. నాగపూరు నుండి అడవుల గుండా ఎడ్లబండ్ల మీద రెండు వారాలకు పైబడిన ప్రయాణం. ఆ బండిలో వచ్చిన పదునాలుగేండ్ల నరేంద్రుడే తరువాతి కాలపు వివేకానందస్వామి. కొండ చీలికలోని పెద్ద తేనెపట్టును చూచి ఆ బాలుడు ఒడలు మరచిన సంగతి జీవితచరిత్రలు చెప్పినదే. ఊరి నడుమనున్న బూఢా తాలాబుకు నేడు వివేకానంద సరోవరమని పేరు. ఆ నాటి బండి నడక ఎద్దు ఓపికను బట్టి, లోపలి తల్లీబిడ్డల ఓపికను బట్టి సాగవలసినదే. బిడ్డ ఏడిస్తే బండి ఆగుతుంది. వేగం లేని వాహనంలో అందరి కంటె అశక్తుడైనవాడే ప్రయాణానికి కొలత.

వేగం వచ్చిన తరువాత ఆ కొలత మారినది. అయితే మన దేశంలో చాలకాలం ఎంపిక అన్న సమస్యే లేదు. అంబాసడరు, ఫియట్టు వంటి రెండు మూడు బండ్లు ఉండేవి. డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూచేవారు. 1983 డిసెంబరు 14న మారుతి 800 తొలి తాళపుచెవిని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందించిన నాటి నుండి మధ్యతరగతి ఇంటికి కారు అందుబాటులోకి రాసాగినది. ఎంపిక లేనిచోట ధర్మసందేహానికి తావు తక్కువ. దొరికినది తీసుకొన్నవానిని ఎవరూ తప్పుపట్టరు. పది పాతిక రకాలు ఎదుట నిలిచినప్పుడే మనిషి తన మనస్సులోని తూకపురాళ్ళను బయట పెట్టవలసి వస్తుంది.

2000 నవంబరు 1న ఛత్తీసుగఢు రాజధాని అయిన రాయపూరులో ఇట్టి బేరాలకు ఇప్పుడు కొదవ లేదు. ధన్‌తేరసు నాడు బండి ఇంటికి తేవడం శుభమని ఇక్కడివారి నమ్మకం. 2025 ఆరంభంలో నగరంలో జరిగిన వాహన ప్రదర్శనలో కొన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం జీవితకాలపు రోడ్డు పన్నులో సగం తగ్గించినది. అదే ఏడు సెప్టెంబరు 22 నుండి చిన్నకార్ల మీద వస్తుసేవల పన్ను 18 శాతానికి దిగినది. ఇవి గృహస్థునికి మేలు చేసినవే. కాని ముహూర్తానికీ రాయితీకీ గడువు ఉంటుంది. గడువు తరుముతున్నప్పుడు మనిషి వేగిరపడి, ఎదుటనున్న అంకెనే చూస్తాడు.

రైల్వే పనుల మీద ఉత్తరాంధ్రం నుండి వచ్చి రాయపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నవి. అట్టి ఇంటిని ఒకదానిని ఊహించవచ్చు. యజమాని, భార్య, కాలేజీలో చదివే కొడుకు, పదవ తరగతి కూతురు, మోకాళ్ళ నొప్పులతో బాధపడే ముసలి తల్లి. విజయనగరం వైపు ఉన్న సొంత ఊరికి ఏటా రైలులో పోయి వస్తున్నారు. ఇక కారులో పోదామన్నది ఉబలాటం. షోరూములో యజమాని నెలవారీ వాయిదా ఎంత అని అడుగుతాడు. కొడుకు పాటల తెరను మీటుతాడు. భార్య రంగు చూస్తుంది, సామాను పెట్టె ఎంత పట్టునో చూస్తుంది. తల్లిని కూడ అడుగుతారు. "నాకెందుకు నాయనా, మీకు నచ్చితే చాలు" అంటుంది ఆమె. ఆ మాటను అందరూ అంగీకారంగా తీసుకొంటారు. మెట్టు ఎత్తు తన మోకాలికి అందదని ఆమె చెప్పలేదు. చెబితే కొడుకు సంతోషానికి అడ్డు వచ్చినట్లవుతుందని ఆమె సంకోచం. మాట్లాడలేనివారి మాటను అడగకుండానే వినగలగడం ఇంటి పెద్ద బాధ్యత.

చట్టం కూడ మనుష్యులను ఒక వరుసలోనే లెక్కించినది. గాలిసంచి డ్రైవరుకు తప్పనిసరి అయినది 2019లో. అతని పక్కన కూర్చున్నవారికి అయినది 2021లో. వెనుకవారిని కూడ కాపాడేటట్లు ఆరు గాలిసంచులు ఉండవలెనన్న ప్రతిపాదన వచ్చినది. 2023లో దానిని తప్పనిసరి చేయబోమని ప్రభుత్వం చెప్పినది. ఇంటి బండిలో వెనుక సీటు ఎవరిది? ముసలివారిది, ఆడవారిది, పిల్లలది. 2022 సెప్టెంబరు 4న టాటా సన్సు పూర్వాధ్యక్షుడు సైరసు మిస్త్రీ పాల్ఘరు దగ్గర కారు ప్రమాదంలో మరణించినప్పుడు, వెనుక కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకొనలేదని వార్తలు వచ్చినవి. బెల్టు నియమం అంతకుముందు నుండి ఉన్నదే. వెనుకవారి విషయంలో దానిని పట్టించుకొన్నవారు లేరు.

చౌకబండి కథ ఇంకొక చిక్కును చూపిస్తుంది. వానలో ఒకే స్కూటరు మీద నలుగురు పోతున్న కుటుంబాన్ని చూచి రతన్ టాటాకు ఆలోచన పుట్టినదనీ, దాని ఫలమే 2008లో లక్ష రూపాయల ధరతో లోకానికి చూపిన నానో అనీ అందరికీ తెలుసు. కరుణలో పుట్టిన బండి అది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ దానితో పాటు మన దేశపు చిన్నకార్లు ఐదింటిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకు ఢీకొట్టించి పరీక్షించగా, పెద్దవారి రక్షణలో ఒక్కదానికి కూడ ఒక్క నక్షత్రం రాలేదు. 2018లో నానో తయారీ ఆగిపోయినది. అదే సంవత్సరాంతంలో అదే సంస్థ తయారుచేసిన నెక్సాను ఐదు నక్షత్రాలు పొందినది. 2023 అక్టోబరు నుండి మన దేశానికి సొంతదైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష నడుస్తున్నది.

దీనిని బట్టి చౌకబండి కొన్నవాడు ధర్మం తప్పినాడనడం అన్యాయం. స్కూటరుకు నక్షత్రాల పరీక్షే లేదు. వాన తడవకుండా, బిడ్డ జారిపడకుండా ఇల్లు చేరగలగడం ఆ తండ్రికి ఒక మెట్టు పైకెక్కడమే. పేదవాని కొనుగోలును అతని నిన్నటి స్థితితో పోల్చవలెను కాని, ధనవంతుని గ్యారేజీతో కాదు. తప్పు వేరొకచోట ఉన్నది. చేతిలో ఉన్న అధిక ధనాన్ని పైకప్పు కిటికీకీ, మెరిసే చక్రాలకూ పోసి, వెనుక సీటు రక్షణ దగ్గర మాత్రం "అంత అవసరమా?" అన్నవాని దగ్గర ఉన్నది. అప్పు మోయలేనంత పెద్దబండి తెచ్చి, కూతురి పైచదువు సొమ్మును వాయిదాలకు మళ్ళించినవాని దగ్గర ఉన్నది. ఆ పిల్ల కూడ ఆ బండిలోనే కూర్చుంటుంది. తన చదువు మీద కూర్చున్నానని ఆమెకు ఎవరూ చెప్పరు.

ఇల్లు గడప దగ్గర ముగియదు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించినారు. నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద పోయేవారు. 19 మందికి పైగా కాలినడకవారు. తెల్లవారుజామున సైకిలు మీద ఉర్లా కర్మాగారానికి పోయే కూలి ఏ కారు నక్షత్రాలలోనూ తన రక్షణను చూచుకొనలేడు. పెద్దబండి లోపలివారికి ఇచ్చే ధైర్యం బయటివారికి భయంగా మారరాదు. కనుక ఎంపిక షోరూములో పూర్తి కాదు. ప్రతిదినం వేగం ఎంత అన్న నిర్ణయంలో అది కొనసాగుతుంది.

అసలు కారు లేకుండా జరగదా అన్న ప్రశ్న కూడ న్యాయమైనదే. రాయపూరులో చిరకాలం నివసించిన వినోద్ కుమార్ శుక్ల 1997 నాటి నవల "దీవార్ మేఁ ఏక్ ఖిడ్కీ రహతీ థీ"కి 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. అందులో టెంపో కోసం ఎదురుచూచే గణితోపాధ్యాయుడు రఘువరప్రసాదును ఒక సాధువు తన ఏనుగు మీద కళాశాలకు తీసుకొనిపోతాడు. తనది కాని వాహనం మీద కూడ మనిషి హాయిగా పోగలడని ఆ కథ తోపజేస్తుంది. కాని అర్ధరాత్రి తల్లికి ఆయాసం వచ్చినప్పుడు వీధి మొనకు ఏనుగు రాదు. మంచి బస్సులు లేని ఊరిలో కారు విలాసమని గృహస్థుని నిందించడం, బస్సులు నడపవలసినవారిని వదలిపెట్టడమే అవుతుంది.

కొన్న బండిని గుడికి తీసుకొనిపోయి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం తెలుగువారి ఆచారం. ఆ దినం ముందు సీటు యజమానిది కావచ్చు. కాని అంతకు ముందే, బేరం కుదరకముందే, అతడు ఒకసారి వెనుక సీటులో కూర్చుండి తలుపు వేసుకొనవలెను. తల్లి కాలు ఎక్కడ ఆనుతుందో, కూతురి బెల్టు ఎక్కడ బిగుస్తుందో అక్కడ నుండి చూడవలెను. ధరల పట్టికను ఆ తరువాత అడగవచ్చు.