మొదటి పిలుపు పోయినవాళ్లకే

శుభలేఖలు అచ్చయ్యాయి. కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టారు, వంటవాళ్లకు బయానా ఇచ్చారు. ఇంతలో పెళ్లికూతురి తండ్రి పోయాడు. పన్నెండో రోజు కర్మ ముగిసి, వచ్చిన చుట్టాలు బస్సులకు బయల్దేరుతుంటే ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: ‘మరి పెళ్లి సంగతేమిటి?’

పురోహితులకు ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబు మాత్రం ఊరికొకటి, ఇంటికొకటి. ఏటిసూతకం తీరేదాకా గడపకు మామిడాకులు కట్టకూడదని ఒకరంటారు. ఏడాది తిరిగేలోపే కన్యాదానం జరిపిస్తే పోయినాయనకు పుణ్యమనీ, అది దాటితే మూడేళ్లు ఆగాలనీ ఇంకొకరు. ఇద్దరూ శాస్త్రం పేరే చెబుతారు.

ఆ శాస్త్రానికి పురోహితులు ఎక్కువగా నమ్ముకునేవి రెండు పుస్తకాలు. కాశీలో కమలాకరభట్టు 1612లో పూర్తిచేసిన నిర్ణయసింధువు ఒకటి, 1790లో కాశీనాథోపాధ్యాయుడు రాసిన ధర్మసింధువు ఒకటి. తిథి తగాదా వచ్చినా మైల తగాదా వచ్చినా నేటికీ వీటినే తిరగేస్తారు. చావు వచ్చిన ఇంట్లో శుభం జరగొచ్చా అన్న చిక్కు పాతవాళ్లకూ ఎదురైందనీ, ‘వద్దు’ అనేసి వాళ్లు చేతులు దులుపుకోలేదనీ ఇవి చూస్తే తెలుస్తుంది.

లెక్క ప్రకారం పోయినవాడు కొంతకాలం ప్రేతరూపంలో ఉంటాడు. సపిండీకరణం జరిగాక తండ్రితాతల వరసలో కలుస్తాడు. ఆ కలపడం ఏడాది చివర చేయడం ఒక పద్ధతి. అయితే పన్నెండో రోజునే చేయొచ్చనీ, ఇంట్లో శుభకార్యం వచ్చిపడితే ముందుకు జరపొచ్చనీ అనుమతి ఉంది. మనిషి ఆయువుకు భరోసా లేదు, ఇంటి ధర్మాలు ఆగేవి కావు, కాబట్టి పన్నెండో రోజే మేలన్నది దానికి చెప్పిన కారణం. ఇప్పుడు ఎక్కువమంది చేసేది ఇదే. ఆచారంలో బిగింపు ఎంత ఉందో సందు కూడా అంతే ఉంది. మన పెద్దలు బిగింపును నలుగురిలో చెప్పి, సందును మాత్రం తమకు అవసరమొచ్చినప్పుడు బయటికి తీస్తారు.

అసలు విశేషం నాందిలో ఉంది. పెళ్లయినా ఉపనయనమైనా నాందీశ్రాద్ధంతోనే మొదలుకావాలి. పెళ్లి వీడియోలో ఇది పెద్దగా కనపడదు. ఫొటోగ్రాఫరు అప్పటికింకా లైట్లు బిగించుకుంటూ ఉంటాడు, బంధువుల్లో సగంమంది టిఫిన్ల దగ్గర ఉంటారు. తాంబూలం, దక్షిణ చేతులు మారి కాసేపట్లో అయిపోతుంది. కానీ అక్కడ జరుగుతున్నది సామాన్యమైన పని కాదు. ఆ ఇంట్లో చనిపోయినవాళ్లను పెళ్లికి పిలుస్తున్నారు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, ఇలా ఆడవాళ్ల వరస ముందు. తర్వాత తండ్రి, తాత, ముత్తాత. ఆపైన తల్లి వైపు తాతలు. సంతోషంతో వెలిగే ముఖాలతో వాళ్లు వచ్చి కూర్చున్నట్టు భావించి సత్కరిస్తారు.

పద్ధతంతా తద్దినానికి తలకిందులు. తద్దినంలో జంధ్యం కుడి భుజం మీదికి మారుతుంది, ఇక్కడ మారదు. అక్కడ నువ్వులు, ఇక్కడ యవలు. అది మధ్యాహ్నం పెట్టేది, ఇది పొద్దుటిపూట చేసేది. పిండాలు పెట్టేట్టయితే వాటిలో పెరుగు, రేగుపండ్లు కలపాలంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. అవే పేర్లు, అదే వంశం, తలచుకునే మనసు మాత్రం వేరు. పోయినవాళ్లను మరిచిపోతేనే పండగ చేసుకోగలం అని ఈ తంతు కట్టినవాళ్లు ఎంతమాత్రం అనుకోలేదు.

ఇంకో నియమం ఉంది. నాంది జరిగిందంటే పెళ్లి మొదలైనట్టే. ఆ తర్వాత దగ్గరివాళ్లలో ఎవరైనా పోయినా సూతకం ఆ పెళ్లిని ఆపదు. పెళ్లికి 10 రోజుల ముందే నాంది పెట్టుకోవచ్చన్న వెసులుబాటూ ఇచ్చారు. మంచాన పడ్డ ముసలివాళ్లున్న ఇంట్లో ఆ 10 రోజుల విలువ చెప్పక్కర్లేదు.

యూదుల తాల్ముడ్‌లోనూ ఇదే చిక్కు. కేతుబోత్ అనే భాగంలో వచ్చే సందర్భం ఇది: రొట్టెలు కాల్చేశారు, పశువును కోసేశారు, ద్రాక్షారసం కలిపేశారు. అప్పుడు పెళ్లికొడుకు తండ్రో, పెళ్లికూతురి తల్లో చనిపోయారు. శవాన్ని ఒక గదిలో ఉంచి ముందు పెళ్లి జరిపించమంటుంది ఆ గ్రంథం. తర్వాత ఖననం. ఆపైన ఏడు రోజులు పెళ్లివిందు, అది ముగిశాక ఏడు రోజులు సంతాపం. ప్రత్యేకంగా ఆ ఇద్దరినే ఎందుకు చెప్పారంటే, పెళ్లికొడుక్కి ఏర్పాట్లు చూసేది తండ్రి, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసేది తల్లి. వాళ్లు పోయాక వాయిదా వేస్తే మళ్లీ ఆ పని నెత్తినేసుకునేవాళ్లు ఉండరు. ఇది సంసారం తెలిసినవాళ్లు చేసిన తర్కం.

తెలంగాణలో పంచాంగమే రెండింటినీ ఒక్కరోజున కూర్చోబెట్టింది. భాద్రపద అమావాస్య పెత్రమాస. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. సాయంత్రం అదే ఇంటి ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. తొమ్మిది రోజుల పండుగకు అదే మొదలు. కోస్తాలో ఆ పని సంక్రాంతిది. పెద్దలకు కొత్తబట్టలు పెట్టి దండం పెట్టుకున్నాకే కొత్తల్లుడి సందడి. క్రైస్తవ కుటుంబాలు నవంబరు 2న సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. తెలుగువాళ్లు ఏ మతంలో ఉన్నా పోయినవాళ్లతో రాకపోకలు మానుకోలేదు.

ఇలా అని ఏటిసూతకం ఉత్త చాదస్తమని తీసిపారేయనక్కర్లేదు. ఆ ఏడాది పండక్కి పొయ్యిమీద నూనె మూకుడు పెట్టరు. ఇరుగుపొరుగు, వియ్యాలవారు అరిసెలు తెచ్చి ఇస్తారు. ఏడ్చేవాళ్లను నవ్వమని ఎవరూ బలవంతపెట్టని వ్యవధి అది. ఇస్లాం అయినవాళ్ల మరణానికి మూడు రోజులు, భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజులు గడువు పెట్టింది. 629లో ముతా యుద్ధంలో జాఫర్ చనిపోతే, ఆయన ఇంటివాళ్లకు వంట చేసి పంపమని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. గడువు మూడు రోజులైనా ఏడాదైనా, అది ఒకనాటికి తీరుతుందన్న నమ్మకమే మనిషిని మళ్లీ లేవనిస్తుంది.

మన దగ్గర అది కొడుక్కి ఏడాదితో తీరుతుంది. భార్యకు తీరదు.

నాందిలో చనిపోయిన తండ్రికి పిలుపు అందుతుంది. ఆయన భార్య, పెళ్లికూతురి కన్నతల్లి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. పసుపు కొట్టేటప్పుడు పిలవరు, తలంబ్రాలు కలపనివ్వరు. కన్యాదానానికి పిన్నీబాబాయిల్ని పీటల మీద కూర్చోబెడతారు. ఏ ఇంట్లోనైనా దీన్ని గట్టిగా నిలదీస్తే వచ్చే జవాబు ఒక్కటే: ‘లోకం ఏమనుకుంటుందో!’ పోయినాయన పెళ్లికి అతిథి, బతికున్నామె అపశకునం. ఈ వరసను సమర్థించే వేదాంతం ఏదైనా ఉందంటే, అది వినడానికైనా సిగ్గుపడాల్సిన వేదాంతం.

మహాభారతమే చూడండి. అశ్వమేధపర్వం తెలుగులోకి తిక్కన చేతి మీదుగా వచ్చింది. 18 రోజుల యుద్ధం అయిపోయాక కృష్ణుడు ద్వారకకు వెళ్లి తండ్రికి కథంతా చెబుతాడు, ఒక్క అభిమన్యుడి మరణం తప్ప. ముసలాయన తట్టుకోలేడని. నా కొడుకు సంగతీ చెప్పమని సుభద్రే అడిగి కుప్పకూలుతుంది. మనవడికి వసుదేవుడు శ్రాద్ధం పెడతాడు. కొన్నాళ్లకు హస్తినలో ఉత్తరకు బిడ్డ పుడతాడు, అశ్వత్థామ అస్త్రం వల్ల ఊపిరి లేకుండా. కృష్ణుడు బతికిస్తాడు. ఏడుపు వినిపించిన అంతఃపురంలోనే మంగళవాద్యాలు మోగుతాయి. అప్పుడు ఉత్తర ఎక్కడుంది? బిడ్డను ఎత్తుకుని అందరి మధ్యకు వచ్చి కృష్ణుడికి మొక్కింది. ఆమె భర్త పోయి నెలలే అయింది. శుభవేళ పక్కకు తప్పుకోమని ఆమెతో అన్నవాళ్లు లేరు. బిడ్డకు నెల నిండేసరికి పాండవులు హిమాలయాల నుంచి ధనంతో తిరిగొస్తే నగరమంతా పూలదండలు, జెండాలు.

ఉత్తరకు దొరికిన ఆ చోటు తర్వాతి కాలంలో ఎంత దూరమైందో రాజమండ్రి చూసింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నీళ్లు మోసుకొచ్చి, తానే వండిపెట్టింది. ఆ పోరాటం మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు కోసం. చేసుకోని ఆవిడకు కూతురి పెళ్లిలో పీట ఉందా లేదా అన్నది అలాగే మిగిలిపోయింది.

దీనికి జవాబు కోసం కొత్త శాస్త్రం రాయనక్కర్లేదు. నాందికి రేగుపండ్లు చెప్పిన యాజ్ఞవల్క్యుడే కన్యాదాతల వరసా చెప్పాడు: తండ్రి, తాత, సోదరుడు, వంశంలోని దగ్గరివాడు, ఆ తర్వాత తల్లి. ఆఖరున పెట్టాడు, నిజమే. అది పాతకాలపు మగవాడి జాబితా. కానీ పైవాళ్లు లేనప్పుడే కిందివాళ్ల వంతు వస్తుంది కనుక, అక్కడ చెప్పిన తల్లి చాలావరకు భర్త పోయిన తల్లే అవ్వాలి. ఇప్పుడు నగరాల్లోనూ విదేశాల్లోని తెలుగు పెళ్లిళ్లలోనూ తల్లి ఒక్కతే కూర్చుని అల్లుడి కాళ్లు కడిగిన సందర్భాలున్నాయి. అందుకు ఒప్పుకునే పురోహితులూ ఉన్నారు. సూతకం ముహూర్తానికి అడ్డమా అని అడగడానికి వెళ్లినవాళ్లు, పుస్తకం మూసేలోపు, అమ్మను పీటల మీద కూర్చోబెట్టడానికి అడ్డేమిటో కూడా ఆ అయ్యగారినే అడగొచ్చు.