కుడి తలుపు, ఎడమ చేయి

మనుష్యునకును వస్తువునకును పొందిక కుదరనప్పుడు మారవలసినది మనుష్యుడా, వస్తువా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని బడిలోను, వంటయింటిలోను, వీధిలోను దీనిని దాటిపోవుట సాధ్యము కాదు. మాకిది మా యింటి తలుపుకడనే యెదురైనది.

మా అనంతపురపు సీమలో పాతయిండ్ల తలుపులు రెండు రెక్కలవి. నడుమ ఇనుపగొలుసు, గొళ్లెము. ఏ చేతితో లాగినను వచ్చును. ఈ కాలపు తలుపు ఒంటిరెక్కది. మడతబందులు ఏ వైపున నున్నవి, రెక్క లోనికి తెఱచుకొనునా, వెలుపలికా యనుదానినిబట్టి అది కుడి తలుపో, యెడమ తలుపో యగును. పిడి ఒక వైపునకే చాచియుండును. గడియనాలుక యొక్క యేటవాలు మొగము తలుపు మూసికొను దిక్కునకే తిరిగియుండవలెను. లేనిచో నాలుక చట్టమునకు తగిలి ఆగిపోవును, తలుపు పడదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మకము లేనిది. అట్టి కఱవుసీమవారము గనుక పనికివచ్చు వస్తువును పాఱవేయము. ఒక పాతయింటి తలుపునుండి తీసిన తాళమును, పిడిని మా గది తలుపునకు బిగింపించితిమి. తీరా చూడగా అవి కుడి తలుపువి. మాది యెడమ తలుపు. క్రొత్తవి కొనక తప్పదని మేమనుకొంటిమి. వడ్రంగి పడుచువాడు నవ్వి, "కొనే పన్లేదు సార్. దీన్ని యా పక్కకైనా తిప్పుకోవచ్చు" ననెను. ఒక స్క్రూను వదలుచేసి, నాలుకను వెలికిలాగి, మొగము త్రిప్పి మరల పెట్టెను. పిడిని రెండవవైపునకు మరలించెను. పావుగంటలో తలుపు చప్పుడు లేక పడినది.

అందలి నేర్పు పైకి కనబడునది కాదు. పిడిని నిలుపు స్ప్రింగు ఇరువైపులకును సమముగా పనిచేయునట్లు అమర్పబడినది. తలుపును దూసిపోవు చదరపు కడ్డీకి కుడియెడమల పక్షపాతమే లేదు. దానిని కల్పించినవాడు మా తలుపును చూడలేదు. అట్టి తలుపు ఎక్కడనో ఉండవచ్చునని మాత్రము ముందుగ తలచెను. కనబడని పరునిగూర్చి ముందుగ తలచుటకంటె ధర్మమనగా వేఱేమి?

అంతలో మేమొకటి గమనించితిమి. ఆ పడుచువాడు స్క్రూను త్రిప్పినది ఎడమచేతితో. అడిగితిమి. "అవును సార్, నాది ఎడమచేతి వాటమే. బళ్లో కుడిచేత్తో రాయమని కొట్టినారు. రాత రాలేదు గానీ ఈ పని వచ్చె" ననెను.

మాకు మాట రాలేదు. ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలియేటనే మేము ఒక బాలిక యెడమచేతి కణుపులపై బెత్తముతో కొట్టి, కలమును కుడిచేతికి మార్పించితిమి. అది క్రమశిక్షణ యని నమ్మితిమి. ఆమె అక్షరములు వంకరపోయెను. క్రమముగ ఆమె పుస్తకము తీయుటయే మానెను. అక్షరమును చక్కజేయబోయి వ్రాయవలెనను కోరికనే చెఱిపితిమి.

ఈ తప్పు మా యొక్కరిదే కాదు, భాషలోను నున్నది. సంస్కృతమున సవ్యమనగా ఎడమ. ఎడమచేతను గాండీవమును లాగగలవాడు గనుకనే అర్జునుడు సవ్యసాచి. తెలుగున సవ్యమనగా సరియైనది. మాటయే చేయి మార్చుకొన్నది! ఇంగ్లీషువారు కీడును సూచించుటకు వాడు సినిస్టర్ అను మాటకు లాటినున ఎడమ యనియే యర్థము. ఇక మన దక్షిణదేశమున కులములనే కుడిచేతివి, ఎడమచేతివి యని పంచిరి. 1707లో చెన్నపట్టణమున ఆ రెండు పక్షములు వీధులకొఱకు కలహించెను. వడ్రంగులతో గూడిన పంచాణమువారు ఎడమచేతి పక్షమువారు. ఊరికి ద్వారములు చేసిన చేతికే కొన్ని వీధులు మూతపడెను.

పెద్దలు ఆక్షేపింతురు: ఎడమచేయి అశుచి గదా? నీరు దొరకని సీమలో ఒక చేతిని భోజనమునకును, ఒకదానిని శుచికిని వేఱుచేయుట తెలివిగల యేర్పాటే. దానిని మేము నిందింపము. కాని కలముతో ఎవరును అన్నము తినరు. కారణము లేనిచోటికి గూడ ఆ నియమమును సాగదీయుటయే దోషము.

అట్లని ప్రతి నియమమును మనుష్యుని యిష్టమునకు వంగవలెననుట లేదు. మన దేశమున బండ్లు రోడ్డునకు ఎడమప్రక్కనే పోవలెను. కుడిప్రక్క తనకు సుఖమని ఒకడు అట్లు పోరాదు. అచ్చట అందఱును ఒక్కతీరున నడచుటయే ప్రాణములను కాపాడును. ఒక్కతీరుతనము ఇతరులను కాపాడునెడల మనుష్యుడు మారవలెను. అది చూచువారి కంటికి మాత్రమే యింపైనయెడల నియమమే మారవలెను. ఈ రెండింటిని వేఱుచేసి చూచుటయే వివేకము.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము వీలైనంతవఱకు జనులందఱును వాడుకొనదగునట్లు వస్తువులను, స్థలములను కల్పించుటను సార్వజనిక రూపకల్పన యని నిర్వచించినది. ఎడమచేతివాటము అంగవైకల్యము కాదు. అయినను ఆ తలపు దానికిని చెల్లును. పదిమందిలో ఇంచుమించు ఒకరు ఎడమచేతివాటమువారు. నలువదిమంది గల తరగతిలో నలుగురని చెప్పవచ్చును. పరీక్షశాలలో వ్రాతపలక కుడిప్రక్కనే గల కుర్చీలు వేసి, వారి వ్రాత బాగులేదనుట న్యాయమా?

ఇప్పుడు మా తరగతిలో అట్టి పిల్లలను బల్లకు ఎడమకొనను కూర్చుండబెట్టుచున్నాము. ప్రక్కవాని మోచేయి తగులదు. దీనికి ఖర్చు లేదు, ఉత్తరువు అక్కఱలేదు. ఇండ్లలోని తల్లులు, అమ్మమ్మలు గూడ, బిడ్డ ఎడమచేత పలకబలపము పట్టినపుడు ఆ చేతిని విదలింపక ఒక్క నిమిషము ఆగవలెనని మా ప్రార్థన. ఆ బాలిక యిప్పుడు ఎచ్చట నున్నదో యెఱుగము. గది తలుపు మూయునపుడెల్ల ఆమె జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇనుపపిడిని మరలించుటకు పావుగంట ఓపిక పట్టితిమి. ఆనాడు ఆ బిడ్డయెడల అంత ఓపిక చూపమైతిమి.