ఎవరి యింటి యెదుట వారు

నగరములో ఒక కాలిబాట పగిలినప్పుడు దానిని బాగుచేయవలసినవారెవరు? నగరపాలకులా, ఆ బాటను ఆనుకొనియున్న ఇంటి యజమానియా? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును గాని, ఇందులో పెద్ద ధర్మవిచారమే గలదు. అమెరికా దేశములోని రెండు నగరముల సంగతి చూతము.

కాలిఫోర్నియా రాష్ట్ర చట్టము ప్రకారము కాలిబాటను చక్కగా ఉంచు భారము దాని ప్రక్కనున్న స్థలము యజమానిది. అయితే 1970ల దశకములో లాస్ ఏంజలిస్ నగరము, చెట్ల వేళ్లవలన చెడిన బాటలను తానే బాగుచేయుదునని ఒప్పుకొనెను. అందుకు వచ్చిన కేంద్ర ప్రభుత్వ ధనము కొన్నాళ్లకే అయిపోయెను. మన మర్రిచెట్టు జాతికి చెందిన ఫైకస్ చెట్లు మాత్రము పెరుగుట మానలేదు. వాటి వేళ్లు కాంక్రీటు పలకలను పైకెత్తుచునేయుండెను. యజమాని నగరమువైపు చూచెను. నగరము తన బొక్కసమువైపు చూచెను. నష్టపడినవాడు మూడవవాడు. చక్రాల కుర్చీలో పోవువాడు బాట విడిచి, కార్లు పరుగెత్తు వీధిలోనికి దిగవలసివచ్చెను. అట్టివారు న్యాయస్థానమునకు వెళ్లిరి. 2016లో ఖరారైన రాజీ ప్రకారము, 30 సంవత్సరములలో 130 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించుటకు నగరము ఒప్పుకొనెను. అదే సంవత్సరము ఒక పంపకము కూడ జరిగినది: నగరము బాటను ఒకసారి బాగుచేసి యజమానికి అప్పగించును; ఇండ్లయెదుట 20 సంవత్సరములలోపల, వ్యాపార స్థలములయెదుట 5 సంవత్సరములలోపల మరల చెడినయెడల ఇంకొకసారి తానే బాగుచేయును; ఆ తరువాతి భారము యజమానిది.

కొలరాడో రాష్ట్రములోని డెన్వర్ నగరము వేరొక మార్గము పట్టినది. అక్కడ పూర్వము ఎవరి యింటి యెదుటి బాట వారిదే. ఒక్కసారి వేల డాలర్లు పెట్టవలసివచ్చిన పేద గృహస్థుడు ఏమి చేయును? మూలనున్న ఇంటివాడు రెండు వీధుల బాటను ఎట్లు మోయును? 2022 నవంబరులో ప్రజలు ఓటు వేసి, స్థలముల యజమానులందరు ఏటేట రుసుము చెల్లించునట్లును, నగరమే బాగుచేయునట్లును నిర్ణయించిరి. 2025లో ఇది ఆరంభమైనప్పుడు అత్యధిక గృహములకు సంవత్సరమునకు 150 డాలర్లుగా నియమింపబడెను.

ఈ రెంటిలో ఏది న్యాయము? నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము తెరచి చూతము. యెరూషలేము గోడ కట్టబడినప్పుడు యాజకులు తమ తమ యిండ్లకు ఎదురుగా బాగుచేసిరి. మెషుల్లాము తన గదికి ఎదురుగా కట్టెను. తన వాకిటి యెదుటి పని ఎవడును అశ్రద్ధగా చేయడు. ఆ ఏర్పాటులోని జ్ఞానము ఇదే. కాని అంతటితో గోడ పూర్తికాలేదు. తెకోవీయులు పొరుగూరివారు. అయినను వారు ఒక భాగము ముగించి రెండవ భాగమును పట్టుకొనిరి. వారి అధికారులైతే పనికి మెడ వంచలేదు. ఆ సంగతియు గ్రంథములో వ్రాయబడియున్నది.

అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో, పరుల భారము పంచుకొనుటనుగూర్చియు సొంత బరువు మోసికొనుటనుగూర్చియు చెప్పెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధములు కావు. తన వంతు మోయగలవాడు దానిని పొరుగువానిపై వేయుట అన్యాయము. మోయలేనివానిని, నీ వాకిలి గనుక నీ కర్మమని విడిచిపెట్టుటయు అన్యాయమే.

కాబట్టి ఏ పంపకము మంచిదని అడుగునప్పుడు, యజమానిని గాని పాలకుని గాని కాదు, ఆ బాటను నడచువానిని అడుగవలెను. గ్రుడ్డివాని కఱ్ఱకు ఆ పలక ఎవరిదో తెలియదు. ముసలితల్లి కాలికి సరిహద్దు కానరాదు. వంతులు ఎవరివో తేలువరకు పగులు అట్లే యుండనిచ్చినయెడల, మన లెక్కలన్నియు సరిగానున్నను, దారిన పోవువాడు పడిపోవును. వంతు తేల్చుకొనుట అవసరమే. అది తేలకముందే పగులు పూడ్చుట మరింత అవసరము.