ఇంకొకరి దీపం మన ఇంట్లో వెలిగించవచ్చా?



కార్తీక మాసం వచ్చిందంటే మనం దీపాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి మనది కాని ఒక దీపం గురించి మాట్లాడుకుందాం. ఒక హిందూ కుటుంబం యూదుల హనుకా పండుగని ఇంట్లో చేసుకోవచ్చా? అమలాపురంలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లకి ఇదేదో దూరపు ప్రశ్నలా అనిపిస్తుంది. కానీ అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్లకి ఇది నిజంగా ఎదురయ్యే ప్రశ్న. మా ఇంట్లోనూ వచ్చింది.

మాది రాజోలు దగ్గర. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. 2023లో పోలి పాడ్యమి, హనుకా ఒకే వారంలో పడ్డాయి. అక్కడ గోదావరి లేదు కాబట్టి అక్క పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి, ముప్పై వత్తులు వెలిగించి వదిలింది. అది చూసి మా ఏడేళ్ల మేనకోడలు, "మా ఫ్రెండ్ వాళ్లు కూడా రోజూ దీపాలు పెడుతున్నారు, మనమూ ఆ స్టాండ్ కొనుక్కుందాం" అని పట్టుబట్టింది. బావగారు "మనకి లేని పండగలా?" అన్నారు. వీడియో కాల్‌లో మా మామ్మ "దీపానికి మతమేంటి? పెట్టుకోనియ్యండి పాపం" అంది. చివరికి అక్క నన్ను అడిగింది, "నువ్వేమంటావురా?" అని.

మామ్మ మాటలో ఉన్న బలం

మామ్మ మాటని తేలిగ్గా తీసేయలేం. కార్తీక దీపం పెట్టినప్పుడు మనం ఏం కోరుకుంటాం? ఆ వెలుగు చూసిన పురుగు, పక్షి, చెట్టు కూడా తరించాలని. మన దీపం అందరిదీ. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు కూడా, శ్రద్ధతో వేరే దేవతలని కొలిచేవాళ్ల పూజ తనకే చేరుతుందంటాడు. ఈ విశాలత మనకి పుట్టుకతో వచ్చింది. దాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

కానీ అన్ని దీపాలూ ఒకే మాట చెప్పవు. హనుకా దీపం ఏం చెబుతోందో ముందు వినాలి కదా.

ఆ దీపం కథ

క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంటియోకస్ యూదుల ఆచారాలని నిషేధించి, జెరూసలేం ఆలయంలో గ్రీకు దేవుడి పూజ పెట్టించాడు. మక్కబీలు అనే కుటుంబం తిరగబడింది. క్రీ.పూ. 164లో ఆలయాన్ని మళ్లీ దక్కించుకుని శుద్ధి చేశారు. ఒక్కరోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని తర్వాతి తరాల కథ. అందుకే ఎనిమిది రాత్రులు, రోజుకొకటి పెంచుతూ వెలిగిస్తారు. వాటిని అంటించడానికి తొమ్మిదో దీపం వేరుగా ఉంటుంది. ఆ ఎనిమిది దీపాల వెలుగులో చదువుకోకూడదు, పని చేసుకోకూడదు. ఊరికే చూడాలి. బయటివాళ్లకి కనిపించేలా కిటికీలో పెట్టాలి. ప్రమాదం ఉన్న కాలంలో మాత్రం లోపల బల్ల మీద పెట్టుకోవచ్చని వాళ్ల శాస్త్రం చెబుతుంది.

అంటే అది సాక్ష్యం చెప్పే దీపం. "మమ్మల్ని మీలో కలిపేసుకోవాలని చూశారు, మేం కలవలేదు, ఇంకా ఉన్నాం" అని దాని అర్థం. అలాంటి దీపాన్ని "అన్నీ ఒకటే" అంటూ మన పూజ గదిలోకి తెచ్చేస్తే, ఎంత ప్రేమతో చేసినా, ఆ దీపం చెప్పే మాటనే మనం కాదన్నట్టు అవుతుంది.

ఇంకో సంగతి. మతపరంగా హనుకా యూదులకి చిన్న పండగ. అమెరికాలో క్రిస్మస్ పక్కనే రావడం వల్ల పెద్దదైంది. ఊరంతా క్రిస్మస్ చెట్లు వెలుగుతుంటే "మనకేం లేదా?" అనడిగే పిల్లలకి అది జవాబు. మన పిల్లలదీ అదే పరిస్థితి. అమెరికాలోని హిందువుల కోసం 1985లో శివాయ సుబ్రమునియస్వామి డిసెంబర్ 21 నుంచి 25 వరకు పంచ గణపతి అనే పండగ మొదలుపెట్టింది కూడా ఇందుకే. మేనకోడలికి కావలసింది నిజానికి హనుకాయేనా, డిసెంబర్‌లో తనదంటూ ఒక దీపమా అన్నది అక్క ఆలోచించుకోవాలి.

మన దేశం చేసిన మంచి పని

యూదులు మనకి కొత్తవాళ్లు కాదు. కొంకణ్ తీరంలో నూనె గానుగలు ఆడించిన బెనే ఇజ్రాయెల్ యూదులు శనివారం పని చేసేవారు కాదు. పక్క ఊళ్లవాళ్లు వాళ్లని "శనివార్ తేలీ" అన్నారు, అంటే శనివారం సెలవు తీసుకునే గానుగవాళ్లని. వాళ్ల శనివారాన్ని వాళ్లకి వదిలేశారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారు. వాళ్లకి యూదు పండగలంటే మేమెవరం అన్న ప్రశ్నకి జవాబు. అలంకారం కాదు.

మన వైపు నుంచి కూడా చూడండి. విదేశాల్లో హోలీ పేరు ఎత్తకుండా రంగులు చల్లుకునే పరుగులు పెడితే మనకి ఎలా ఉంటుంది? వాళ్లు రంగులు చల్లుకున్నారని మనకి బాధ లేదు. ప్రహ్లాదుణ్ణి, కృష్ణుణ్ణి మర్చిపోయారని బాధ.

మరి ఎప్పుడు వెలిగించవచ్చు?

1993 డిసెంబర్‌లో అమెరికాలోని బిల్లింగ్స్ అనే ఊళ్లో, హనుకా గుర్తు పెట్టిన ఒక యూదు పిల్లవాడి గది కిటికీ మీద ఎవరో రాయి విసిరారు. ఆ ఊళ్లో యూదులు కొద్ది కుటుంబాలే. స్థానిక పత్రిక ఆ దీపస్తంభం బొమ్మని పేజీ నిండా అచ్చేసింది. వేల క్రైస్తవ ఇళ్లు దాన్ని తమ కిటికీలకి అంటించుకున్నాయి. రాయి వేసేవాడికి ఏది యూదు ఇల్లో తెలియకూడదని.

అది కూడా యూదులు కానివాళ్ల ఇంట్లో హనుకాయే. కానీ అక్కడ దీపం సరదాకి పెట్టింది కాదు. పక్కింటివాడి భయంలో వాటా తీసుకోవడం. 2020 సెప్టెంబర్‌లో అంతర్వేది స్వామి రథం కాలిపోయినప్పుడు మనం ఎంత బాధపడ్డామో గుర్తుందా? ఆ రోజు వేరే మతంవాళ్లు వచ్చి మన పూజ చేయాలని మనం కోరుకోలేదు. "ఇది మాకూ బాధే" అని పక్కన నిలబడితే చాలనుకున్నాం. రేపు మన వీధిలో ఎవరి గుడి మీద, చర్చి మీద, మసీదు మీద రాయి పడినా మనం అలా నిలబడగలమా? హనుకా స్టాండ్ కొనాలా వద్దా అన్నదానికన్నా ఇది కష్టమైన ప్రశ్న.

కోనసీమ వాళ్లకి ఈ విషయం జగ్గన్నతోట ఎప్పుడో నేర్పింది. కనుమ రోజు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి వస్తాయి. గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద కౌశికలోంచి దాటించి తెస్తారు. అన్నీ శివుడే. అయినా పదకొండునీ కలిపి ఒకే ప్రభ చేద్దామని ఎవరూ అనలేదు. ఏ ఊరి ప్రభ ఆ ఊరివాళ్లే మోస్తారు. మిగతావాళ్లు దణ్ణం పెడతారు.

అక్కకి నేను చెప్పింది ఇదే. "స్టాండ్ కొనకు అక్కా. ఆ అమ్మాయి వాళ్లు పిలిస్తే పిల్లని తీసుకుని వెళ్లు, వాళ్లు వెలిగిస్తుంటే పక్కన నిలబడండి, కథ అడిగి వినండి. దీపావళికి వాళ్లని మనింటికి పిలు. ఎప్పుడైనా వాళ్లకి కిటికీలో దీపం పెట్టాలంటే భయమేసే రోజు వస్తే, ఆ రోజు వాళ్లని అడిగి, మీ కిటికీలోనే ముందు పెట్టు."

శుభం.